బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి – మరి ఇంటి లెక్క?

“బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి” అని ఉత్తర తెలంగాణలో ఒక నానుడి ఉన్నది. ఉద్యమకాలంలో సభలలో విరివిగా వినిపించినందున ఇతర ప్రాంతాల మిత్రులకు కూడా అది పరిచితమే. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మగవాడికి బ్రతుకుతెరువు ఈ మూడు చోట్లనే అని తాత్పర్యం. తెలుగు చెప్పుకొని బ్రతికినవాడిని కనుక ముందు నా చెవిని పట్టినది దాని అంత్యప్రాస. బావిని మేము బాయి అంటాము. ఆ లెక్కన మూడూ బావులే, దిగినవాడు ఎప్పుడు పైకి వస్తాడో చెప్పలేని బావులే అన్న ధ్వని అందులో ఉన్నది. కాని ఎన్నిసార్లు విన్నా నాకొక వెలితి తోచేది. మగవాడు పోయిన మూడు చోట్లకూ పేర్లున్నవి. అతడు విడిచిపోయిన నాలుగవ చోటుకు అందులో పేరు లేదు.

వలసల చరిత్ర అనగానే పాసుపోర్టు, ఏజెంటు, క్యాంపు, ఎడారి, చివరకు శవపేటిక మన కళ్లముందుకు వస్తాయి. అదంతా జరిగిన చరిత్రే. అయితే అక్కడ సంపాదించిన రూపాయి ఇక్కడ ఎవరి చేతిలో పడినది, ఆ చేయి దానిని ఎన్ని ముక్కలు చేసినది, ముందు ఎవరికి ఇచ్చి ఎవరిని ఆగమన్నది, ఆరు నెలలు పైకం రాకపోతే పొయ్యి ఎట్లా రాజినది అన్న చరిత్రను మనము అంతగా పట్టించుకోలేదు. ఈ టపాలో దానిని గూర్చి నాకు తెలిసినంత వ్రాస్తాను. జిల్లాల పేర్లు పాతవే వాడుతున్నాను. 2016 అక్టోబరు 11 తర్వాత పాత కరీంనగర్ నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, పాత ఆదిలాబాద్ నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ విడివడినవి. ఇంటి లెక్కకు మాత్రం ఆ సరిహద్దులు లేవు.

బొగ్గుబాయిని త్వరగా దాటిపోతాను. సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడినది. బెల్లంపల్లికో, మందమర్రికో, తరువాత గోదావరిఖనికో పోయినవాడు పండుగకు ఇంటికి రాగలిగేవాడు. క్వార్టరు దొరికితే భార్యాపిల్లలను తీసుకొనిపోయేవాడు. జీతం ఎంతో, ఏ రోజున వస్తుందో ఇంట్లో తెలుసు. జీతం సారాకొట్టు దాటి ఇల్లు చేరిందా లేదా అన్నది వేరే కథ.

బొంబాయి అటువంటిది కాదు. అక్కడికి తెలుగువాడు చాలా ముందే పోయినాడు. కామాఠీపుర అన్న పేరే నిజాం ఇలాకా నుండి వెళ్లి ఆ నగరపు కట్టడాలలో కూలి చేసిన తెలుగు కామాఠీల వలన వచ్చినది. తరువాత బట్టల మిల్లులకు, షోలాపూరు, భీవండి మగ్గాలకు కరీంనగరం పద్మశాలీలు వెళ్లినారు. ఇక్కడ రూపాయి లెక్కలో ఒక తమాషా ఉన్నది. నిజాం రాజ్యంలో చలామణి అయినది హాలి సిక్కా. బొంబాయిలో వచ్చేది ఇంగ్లీషు రూపాయి. దానిని మావాళ్లు కల్దారు అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. అంటే దిర్హము పేరు వినడానికి చాలా ముందే మా ఇండ్లలోని ఆడవాళ్లు మారకపు లెక్క నేర్చినారు. హాలి సిక్కా ముద్రణ 1951లో ఆగినది, 1959లో పూర్తిగా రద్దయినది. మా చిన్నతనంలో ముసలివాళ్లు ధర చెబితే “హాలియా, కల్దారా” అని పరాచికమాడే అలవాటు ఇంకా మిగిలి ఉండేది.

బొంబాయి పైకం మనియార్డరు మీద వచ్చేది. బ్రిటిషు ఇండియాలో 1880లో తపాలాశాఖ చేపట్టిన ఆ పద్ధతి 135 ఏళ్లు నడిచి 2015లో ముగిసినది. ఫారం అడుగున నాలుగు ముక్కలు వ్రాసుకోవడానికి చిన్న చీటీ ఉండేది. డబ్బు చేతికిచ్చి, వ్రేలిముద్ర వేయించుకొని, తపాలా మనిషి ఆ చీటీని చింపి ఇచ్చేవాడు. షావుకారికి ఇంత, అమ్మ మందుకు ఇంత, మిగిలినది బియ్యానికి అని అందులో ఉండేది. నా ఉద్దేశంలో అదే మా ప్రాంతపు తొలి ఇంటి బడ్జెట్టు. పంపేవాడు పద్దులు వ్రాసేవాడు; చేతికి తీసుకున్నది ఆ పద్దులను తారుమారు చేసి ఇల్లు నడిపేది. ఎందుకంటే చీటీ వ్రాసిన నాటికీ అది చేరిన నాటికీ మధ్య బియ్యం అయిపోయేవి, పిల్లవాడికి జ్వరం వచ్చేది. (తపాలాకు మన పాత మాట టపా. బ్లాగరులు తమ వ్రాతలకు ఆ పేరు పెట్టుకున్నప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చినది ఈ చీటీయే.)

1982 జనవరి 18న బొంబాయి మిల్లులలో దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలయినది. సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపినారు. ఆ సమ్మె ముగిసినట్లు ఎవరూ ప్రకటించలేదు, మిల్లులు మాత్రం మునుపటివలె మళ్లీ తెరుచుకోలేదు. సమ్మె గూర్చి చాలా పుస్తకాలు వచ్చినవి. మనియార్డరు రాని ఇండ్లలో ఆ సంవత్సరం ఏమి వండుకున్నారన్నది ఎక్కడా నా కంటబడలేదు. దానికి సమాధానం బీడీలలో ఉన్నది. ఆ మాట తరువాత చెబుతాను.

ఇక దుబాయి. మా వైపు అది ఒక నగరం పేరు కాదు. మస్కట్ పోయినా, దోహా పోయినా, దమ్మాము పోయినా దుబాయి పోయినట్టే. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాలలో కట్టడాలు మొదలయినవి. ఇక్కడ బావులు ఎండుతున్నవి. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగినది, ఆ వెంటనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించినారు. వయసులో ఉన్న కొడుకు ఊళ్లో ఉండడం కంటె కళ్లకు దూరంగా ఉండడమే మేలని తలచిన తల్లులను నేనెరుగుదును. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, సిరిసిల్ల, అటు నిర్మల్, ఖానాపూర్, లక్సెట్టిపేట – ఒకరి వెంట ఒకరు పోయినారు.

బొంబాయికీ దుబాయికీ అసలు భేదం దూరంలో లేదు, అప్పులో ఉన్నది. బొంబాయికి రైలు కిరాయి ఉంటే చాలు. దుబాయికి వీసా కొనాలి. ఏజెంటుకు ఇచ్చే పైకానికి కాగితం వ్రాయాలి, జమానతుకు మనిషి కావాలి, లేదా భూమో బంగారమో గిరివి పెట్టాలి. కాగితం మీద సంతకం మగవాడిది. అతడు విమానమెక్కిన మరుసటి నెల నుండి మిత్తికి షావుకారు వచ్చి నిలబడేది ఆమె వాకిట్లో.

ఒక ఉదాహరణ తీసుకొని లెక్క వేద్దాము. సంవత్సరం 2001 అనుకోండి. వీసాకు 60,000 రూపాయల అప్పు, నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. జీతం 600 దిర్హములు. దిర్హముకు అప్పుడు 12 రూపాయల 80 పైసలకు అటూ ఇటూగా ఉండేది కనుక 7,700 రూపాయల చిల్లర. తిండికీ ఖర్చుకూ పోను ఇంటికి 5,000 పంపగలడు. మొదటి నాలుగు నెలలు పైకం రాదు – మెడికలు, అకామా, తొలి జీతం ఆలస్యం. ఆ నాలుగు నెలల మిత్తి 7,200 అసలులో కలిసి బాకీ 67,200 అవుతుంది. ఇప్పుడు వచ్చే 5,000లో 1,500 ఇంటి ఖర్చుకు తీసి 3,500 షావుకారికి కడితే మొదటి నెల అందులో 2,016 మిత్తికే పోతుంది. బాకీ తీరడానికి 29 నెలలు పడుతుంది. అదే ఆ 1,500 ఇంట్లోనే పుట్టించుకొని 5,000 మొత్తాన్ని బాకీకి కడితే 18వ నెలలో కాగితం చింపవచ్చును. తేడా దగ్గరదగ్గర సంవత్సరం. ఎడారిలో ఒక మనిషి సంవత్సరపు చాకిరి! ఆ సంవత్సరాన్ని మిగిల్చిన పదిహేను వందలు ఎక్కడ పుట్టినవి? ఆమె ఒడిలోని బీడీల చాటలో.

ఆదిలాబాద్ అడవులలో తునికాకు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెలలో దానిని చుట్టే ఆడవాళ్లు. కార్ఖానా నుండి ఆకు, తంబాకు, దారం తెచ్చుకొని, ఆకును తడిపి, కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి తిరిగి అప్పగించాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. నాసిగా ఉన్నవని తీసివేసినవాటికి కూలి లేదు, తక్కువ పడిన ఆకు చేతి డబ్బుతో కొనుక్కోవాలి. మెడ నొప్పి, దగ్గు సరేసరి. అయినా ఈ పనికి ఒక గుణమున్నది: చిన్నదే అయినా తప్పకుండా వచ్చే పైకం. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చినవి. తరువాత భవిష్యనిధి వర్తించినది. ఇంట్లో కాగితాలన్నీ తిరగవేస్తే పట్టా అతని పేర, అప్పు కాగితం అతని పేర, బ్యాంకు ఖాతా అతని పేరనో మామ పేరనో ఉండేవి. బీడీ కార్డు, పి.ఎఫ్. నెంబరు మాత్రం ఆమెవి.

ఆ విధంగా మా పల్లెలలోని దుబాయి ఇంట్లో మూడు మూటలుండేవి. పొలం మీది గింజలు తిండికి. బీడీల పైకం ఉప్పు, పప్పు, నూనె, పిల్లల పలకాబలపాలకు. దుబాయి పైకం బాకీకి, బాకీ తీరినాక ఇంటికి, బిడ్డ పెండ్లికి. ఒక మూటలోనిది మరొక మూటలోకి పోకుండా కాయడమే ఆమె విద్య. పోయినా బదులుగానే పోవాలి, మళ్లీ తిరిగి రావాలి. వాణిజ్యశాస్త్రం చదివినవారు దీనికేదో పేరు పెట్టుతారు. ఆమెకు దానికి పేరుతో పని పడలేదు.

నేను జగిత్యాల వైపు ఉన్నత పాఠశాలలలో పనిచేసిన కాలంలో ఉత్తరాలు చదివించుకోవడానికి, వ్రాయించుకోవడానికి ఆడవాళ్లు వచ్చేవారు. తెలుగు సారు గనుక అది నా పని అని వారి నమ్మకం. ఏరోగ్రాములో స్థలం తక్కువ. క్షేమసమాచారానికి రెండు వాక్యాలు, మిగిలినదంతా లెక్కలే. ఒకామె చెప్పిన మాట నేటికీ చెవిలో ఉన్నది: “సారూ, అచ్చిన పైసలు ఎట్లెట్ల వోయినయో అన్ని రాయుండ్రి. మిగిలినయి మాత్రం రాయకుండ్రి.” ఆమె ఒక చిట్టీ వేస్తున్నది. ఆ సంగతి భర్తకు తెలిస్తే అతడు తన అన్నకు వ్రాస్తాడు, అన్నకు అవసరం పుడుతుంది, అడిగినప్పుడు కాదనలేక ఇప్పిస్తాడు. లేదా వచ్చేటప్పుడు ఇంకొక టేపురికార్డరు తెస్తాడు. ఆమె దాచినది ఆ ఇంటి బీమా. దానిని మోసమనే హక్కు నాకు లేదనుకొని, అడిగినంతవరకే వ్రాసినాను.

పైకం ఎవరి పేర రావాలన్నది ఇండ్లలో పెద్ద తగవు. ఉమ్మడి కుటుంబమయితే డ్రాఫ్టు మామ పేరనో పెద్దబావ పేరనో వచ్చేది. కోడలు బీడీల పైకం ఇంట్లో పెట్టి, మొగుడు పంపిన దానిలో నుండి బిడ్డ ఫీజు అడుక్కోవలసి వచ్చేది. వేరుపడిన ఇంట్లో ఆమె చేతికి అధికారం వచ్చేది, ఆ వెంటే ఒంటరితనమూ. కేరళలో ఇటువంటి స్త్రీలను గూర్చి లీలా గులాటి 1993లో ఒక గ్రంథం వెలువరించినారు. అక్కడి గల్ఫు ఇల్లాలి చేతిలో మావాళ్ల బీడీల చాట వంటిది నాకు కనబడలేదు. పోలిక చూడగోరేవారు అక్కడ మొదలుపెట్టవచ్చును.

డ్రాఫ్టు ఆలస్యం, బ్యాంకు దూరం. కనుక హుండీ నడిచినది. అక్కడ దిర్హములు అప్పగిస్తే రెండు మూడు రోజులలో ఇక్కడ మనిషి వచ్చి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. రేటు కూడా బ్యాంకు కంటె ఒక పిసరు ఎక్కువ. 1973 నాటి విదేశీ మారకద్రవ్య చట్టం దృష్టిలో అది నేరం. ఆమె దృష్టిలో అది రేపటి మిత్తి గడువు. 1990 ఆగస్టు 2న ఇరాకు కువైటును ఆక్రమించినప్పుడు బ్యాంకూ హుండీ రెండూ మూగబోయినవి. సుమారు 1,70,000 మంది భారతీయులను అమ్మాను మీదుగా విమానాలలో తెచ్చినారని మనము గర్వంగా చెప్పుకుంటాము. వచ్చినవాడి వెంట పెట్టె లేదు. ఇంట్లో కాగితం అట్లాగే ఉన్నది. మరుసటి సంవత్సరం జూలై 1, 3 తేదీలలో రూపాయి విలువ తగ్గించినారు. అప్పటికి ఉద్యోగాలు నిలిచిన ఇండ్లకు అది మేలు చేసినది. 1980లో రెండు రూపాయల చిల్లర, 1991 మొదట్లో ఐదు రూపాయలు ఉన్న దిర్హము 1993 నాటికి ఎనిమిదిన్నర రూపాయలయినది. ఆర్థికమంత్రి పేరు తెలియని ఆమెకు ఈ వారపు రేటు తెలిసి ఉండేది. ఆ తరువాత వెస్టర్న్ యూనియన్ వచ్చినది. పేరు చదవడం రాని ఆడవాళ్లు ఫోనులో విన్న పది అంకెల రహస్య సంఖ్యను కౌంటరు దాకా పొల్లుపోకుండా మోసుకొనిపోవడం నేను చూసినాను. మా బడిలో ఎక్కాలు అప్పచెప్పే పిల్లలకు అంత నిష్ఠ లేదు.

తొంభయ్యవ దశకంలో డ్వాక్రా సంఘాలు బలపడినవి, 2004లో పావలా వడ్డీ వచ్చినది. అంతలోనే సూక్ష్మరుణ సంస్థలు ఊళ్లలోకి దిగినవి. వాటి చిక్కు నూటికెంత అన్న దానిలో కంటె, వారానికి ఒకసారి అన్నదానిలో ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. దుబాయి పైకం నెలకో, రెండు నెలలకో వస్తుంది. పొలం ఆరు నెలలకు. వాయిదా మాత్రం ప్రతి వారం, పదిమంది ఎదుట. ఒక్క వారం తప్పితే గుంపులోని మిగిలినవారు ఆమె ఇంటి ముందు కూర్చునేవారు. 2008లో దుబాయిలో కట్టడాలు ఆగి, మనుషులు తిరిగి వచ్చినప్పుడు ఈ పొంతన లేని గడువులు ఎన్నో ఇండ్లను కుదిపినవి. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సులో వారపు వసూళ్లను మాన్పి నెలవారీ చేసినారు. ఆ ఒక్క నిబంధన చదివినప్పుడు, దీనిని వ్రాసినవారెవరో ఇంటి లెక్క తెలిసినవారే అనిపించినది.

ఆమె ఎంత నేర్పరి అయినా దాటలేని గోడ ఒకటి ఉండేది: పట్టా. బాకీ కోసం అరెకరం అమ్ముదామన్నా, బ్యాంకులో పంట రుణం తీసుకుందామన్నా సంతకం దమ్మాములో ఉన్నది. 2018 మే 10న ఇదే జిల్లాలోని హుజూరాబాద్‌లో రైతుబంధు ప్రారంభించినారు. చెక్కు పట్టాదారు పేర వచ్చినది. దున్నించినదీ, నాటు వేయించినదీ ఆమె. చెక్కు మీద పేరు మస్కట్‌లో ఉన్నవాడిది. నేను చూసిన ఇండ్లలో ఆ చెక్కు ఆమె చేతికి అందడం అంత తేలిక కాలేదు.

అతడు అసలే తిరిగి రాకపోతే? శవం రావడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు. దినాలకు వచ్చినవారిలో షావుకారు కూడా ఉంటాడు. అతడు కఠినుడు కాకపోవచ్చును, కాగితం మాత్రం కాగితమే. సిరిసిల్ల ప్రాంతం నుండి పోయి, 2005 నాటి ఒక కేసులో దుబాయి జైలు పాలయినవారిలో కొందరు 2024లో గాని ఇల్లు చేరలేదు. అన్నేండ్లు ఆ ఇండ్లను నడిపినది ఎవరో, ఏ పనితోనో వేరుగా చెప్పనక్కరలేదు. 2024లోనే తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సహాయం ఇవ్వడానికి ఉత్తర్వు తెచ్చినది. నలభై ఏళ్లు ఆలస్యమని అనేవారున్నారు. నేనూ వారిలో ఒకడిని.

బీడీ కార్మికులకు 2015లో నెలకు 1,000 రూపాయల భృతి మొదలయినది, 2019లో అది 2,016 అయినది. దరఖాస్తుకు పి.ఎఫ్. నెంబరు అడిగినారు. నా దగ్గరకు అప్పట్లో ఉత్తరాలకు వచ్చినవారిలో ఇద్దరు ముగ్గురు, ఇప్పుడు అవ్వలయినవారు, ఆ ఫారాలు నింపించుకోవడానికి వచ్చినారు. ట్రంకుపెట్టె అడుగు నుండి తీసిన సంచిలో బీడీ కార్డు ఉన్నది, దానితోపాటు చింపిన అప్పు కాగితం, రబ్బరుబ్యాండు వేసిన ఏరోగ్రాములు. వాటిలో కొన్ని నా దస్తూరీలోనివే. ఆ ఉత్తరాల వెనుక వైపున బొగ్గుముక్కతోనో పెన్సిలుతోనో గీసిన నిలువు గీతలున్నవి. చుట్టిన వేల లెక్క అది.

కరీంనగరం, ఆదిలాబాదు వైపు మిత్రులెవరి ఇండ్లలోనైనా అటువంటి సంచులుంటే, ఇల్లు సున్నాలు వేసేటప్పుడు బయట పడవేయనీయకండి. ఫోటో తీసి ఉంచినా సరే. గీతలున్న వెనుక వైపు కూడా తీయండి.